మొదటి ప్రశ్న వదిలేశాం

మా ఆయన ఉద్యోగం బాపట్లలో, నా ఉద్యోగం తెనాలిలో, మా పాప రేపల్లెలో. డెబ్భైల మొదట్లో ఎవరైనా "మీ కాపురం ఎక్కడమ్మా?" అని అడిగితే నాకు చిర్రెత్తుకొచ్చేది. ఏ ఊరి పేరు చెప్పినా అది సగం అబద్ధమే అయ్యేది.

ఆయనది వ్యవసాయ కళాశాల పొలంలో పని. కూలీలు మడిలో దిగే వేళకు గట్టు మీద ఉండాలని బాపట్లలోనే ఒక గది తీసుకున్నారు. నేను తెనాలిలో ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. స్టేషనుకు దగ్గర్లో రెండు గదుల వాటాలో ఉండేదాన్ని. పాప పుట్టాక నా సెలవు అయిపోయేసరికి దానికి నాలుగో నెల నడుస్తోంది. "నడక వచ్చిందాకా నా దగ్గరుంచమ్మాయ్, ఆ తర్వాత చూసుకుందాం" అని మా అత్తగారు రేపల్లె తీసుకుపోయారు. ఆవిడ మా బావగారింట్లో ఉండేవారు. పాపకు నడక వచ్చింది, మాటలొచ్చాయి, నాలుగో ఏడు కూడా వచ్చింది. ఆ తర్వాత సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. పాప నాయనమ్మని "అమ్మా" అనేది, నన్ను "తెనాలమ్మా" అనేది. ఇంటికొచ్చినవాళ్ళు అది విని మురిసిపోయేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వుకు ఎంత ఖర్చయ్యేదో నాకు తెలుసు.

శనివారం సాయంత్రం ఆయన ప్యాసింజరులో తెనాలి వచ్చేవారు. ఆదివారం పొద్దున్నే ఇద్దరం రేపల్లె రైలెక్కేవాళ్ళం. మళ్ళీ ఆ సాయంత్రమే వెనక్కి. పాపతో ఉండేది ఆ ఒక్క పగలు, అందులోనూ అది సగంసేపు నా దగ్గరికి రాదు. దానికి నేనెవరో గుర్తొచ్చి ఒళ్ళోకి చేరే వేళకి మా రైలు టైమయ్యేది.

అలాంటి రోజుల్లో మా స్టాఫ్ రూములో ఇంగ్లీషు పేపరు తిరగేస్తుంటే ఆ ప్రకటన కనపడింది. మద్రాసులో ఒక మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్ల కంపెనీ. రైసు మిల్లుల మీదా, ఎరువుల కంపెనీల మీదా పని చెయ్యడానికి పొలం అనుభవం ఉన్న వ్యవసాయ పట్టభద్రులు కావాలట. జీతం ఆయనకి వచ్చేదానికి రెట్టింపు. నేను జీతం చూడలేదంటే నమ్మరు గానీ, చూసింది మద్రాసు అనే మాట. ఒక ఊరు. ఒకే ఊరు. అక్కడ నాకు ఏదో ఒక బళ్ళో పని దొరక్కపోదు, పాపని ఒక బళ్ళో వేస్తాం, సాయంత్రానికి ముగ్గురం ఒక ఇంటికి చేరతాం. దరఖాస్తు నేనే రాశాను. ఆయన సంతకం పెట్టారు, అదీ నేను వేలు పెట్టి చూపించిన చోట.

నెల తిరక్కుండా పిలుపు వచ్చింది. రెండు నెలల తర్వాత ఇంటర్వ్యూ. ఉత్తరం అడుగున ఒక సూచన ఉంది. అభ్యర్థికి ఏదో ఒక వ్యాపార సమస్య ఇస్తారట, దాన్ని వాళ్ళ ఎదుట పైకి మాట్లాడుతూ ఆలోచించి చూపించాలట. అది చదివి ఆయన మొహం వేలాడేశారు. మా ఇళ్ళలో మగవాళ్ళు పైకి ఆలోచించరు. లోపల ఆలోచించుకుని, కండువా దులిపి భుజాన వేసుకుని, నిర్ణయం ఒక్కటే చెప్తారు. అందులో మా ఆయన ఇంకో ఆకు ఎక్కువే చదివారు, కొన్నిసార్లు నిర్ణయం కూడా చెప్పరు.

ఆ ఆదివారం రేపల్లెలో సంగతి చెప్పాం. మా అత్తగారు చేటలో బియ్యం ఏరుతూ విన్నారు.

"ఆ కంపెనీ ఏం అమ్ముద్దంట?"

"సలహాలు అత్తయ్యా. వ్యాపారం ఎట్టా చేసుకోవాలో చెప్తారంట."

"దానికి డబ్బులిస్తారా?"

"ఇస్తారంట."

ఆవిడ చేట పక్కన పెట్టారు. "మన బజారంతా రోజూ ఊరికే ఇస్తున్నారు గదమ్మా!" అన్నారు. తర్వాత కొడుకు వంక చూసి, "వీడు సలహా చెప్పటం నేనింతవరకూ వినలా. ఆ ఉద్యోగం ఇయ్యరులే" అన్నారు. అక్కడ నాకు పంతం పట్టుకుంది. పాఠం ఎక్కని పిల్లల్ని ఎంతమందిని గట్టెక్కించాను, మొగుణ్ణి గట్టెక్కించలేనా అనుకున్నాను.

తర్ఫీదు మొదలైంది. వారం మధ్యలో ఉత్తరాలు. నేను ఇన్‌లాండ్ లెటర్లో అయిదు ప్రశ్నలు రాసి బాపట్ల పంపేదాన్ని. ఆయన జవాబులు రాసి పంపేవారు. వాటిని ఎర్ర సిరాతో దిద్ది, పదికి మార్కులు వేసి తిప్పి పంపేదాన్ని. "ప్రస్తుత ఉద్యోగం ఎందుకు వదలదలచుకున్నారు?" అన్న ప్రశ్నకు ఆయన మొదటి జవాబు, "వదలదలచుకోలేదు, మా ఆవిడ చెప్పింది." పదికి సున్నా వేశాను. తర్వాతి వారం అదే ప్రశ్నకు ఒక కాగితం నిండా రాసి పంపారు. మూడు వేశాను. ఆయన పక్క గదిలో ఉండే గుమాస్తా నా మార్కులు చూసి, "మా ఆవిడకి చదువు రాకపోవడం నా పూర్వజన్మ సుకృతమండీ" అన్నాడట.

శనివారం సాయంత్రం అసలు రిహార్సలు. నేను బల్ల వెనక కుర్చీలో కూర్చుని కంపెనీ మనిషినయ్యేదాన్ని. ఆయన గుమ్మం బయట చెప్పులు విడిచి, కాదు, చెప్పులతోనే లోపలికి రావాలి. అది అలవాటు చెయ్యడానికే ఒక శనివారం పట్టింది. మొదటిరోజు ఆయన తలుపు తట్టారు. "రండి, మిస్టర్..." అన్నాను. అక్కడ ఆగిపోయాను.

మొగుడి పేరు నోటితో అనకూడదని మా అమ్మ నేర్పింది. అంటే ఆయన ఆయుష్షు తరుగుతుందట. బి.ఏ. చదివాను, బి.ఎడ్. చదివాను, పిల్లలకి మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాయించాను. రేషను కార్డు గుమాస్తా అడిగితే మాత్రం పేరు కాగితం మీద రాసి చూపించేదాన్ని.

"అను, ఫర్లేదు. నాకేం కాదులే" అన్నారాయన గుమ్మంలో నిలబడి నవ్వుతూ.

"నా వల్ల కాదండి."

"మరి ఎట్టా? వాళ్ళు పేరు పెట్టే పిలుస్తారు గదా. పేరు అడుగుతారు, నీ గురించి చెప్పవయ్యా అంటారు. అదేగా మొదటి ప్రశ్న?"

"పేరు మీకు రాదా ఏంటి? మీ గురించి మీకు తెలీదా? దానికి ప్రాక్టీసెందుకు? మొదటి ప్రశ్న అయిపోయిందనుకోండి. రెండోది అడుగుతున్నా" అన్నాను విసుగ్గా. అంతే, ఆ ఎనిమిది వారాలూ రెండో ప్రశ్న నుంచే మొదలుపెట్టాం. మొదటిదాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నేను పదేళ్ళుగా బళ్ళో చెప్తున్న మాట, సులువు ప్రశ్నని వదిలెయ్యకండి అని. నాకే గుర్తు లేకపోయింది.

రెండో ప్రశ్న నుంచి మాత్రం గట్టిగా తోమాను. ఇంటర్వ్యూ చేసేది మగవాళ్ళే కాబట్టి నన్ను "సార్" అనమన్నాను. ఆ అలవాటు ఆయన నాలుకకి ఎంత పట్టిందంటే, ఒక ఆదివారం రేపల్లెలో అన్నం తింటూ, "సార్, కాస్త పప్పు వెయ్యండి" అన్నారు. మా అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. "ఒరే, పెళ్ళాన్ని సారంటావేంట్రా!" అన్నారు. ఆవిడ ఆ మాట బజారులో ఎంతమందికి చెప్పారో గానీ, తర్వాత రెండు వారాలు స్టేషను నుంచి ఇంటిదాకా ఎవరు ఎదురైనా నన్ను చూసి ముసిముసిగా నవ్వారు.

సమస్యలు విప్పడం నేర్పిందంతా రేపల్లె రైల్లోనే. వేమూరు దాటేలోపు ఒక సమస్య ఇచ్చేదాన్ని, భట్టిప్రోలు వచ్చేసరికి తేల్చాలి. "తెనాలి స్టేషన్లో రోజుకి ఎన్ని ఇడ్లీలు అమ్ముడవుతాయి? పైకి ఆలోచించండి" అన్నాను ఒకసారి.

ఆయన కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నారు.

"పైకండీ!"

"ఆలోచించేదేముంది? అమ్మేవాణ్ణి అడిగితే చెప్తాడుగా."

"అతను అక్కడ ఉండడు. మీరు మద్రాసులో ఉన్నారు. లెక్కగట్టి చెప్పాలి."

"చేను కొయ్యకుండా దిగుబడి ఎట్టా చెప్పను? ఓ చదరం మేర పంట కోసి, నూర్చి, తూచి, అప్పుడు చెప్తాం."

నాకు ఒళ్ళు మండింది. నా గొంతు పెట్టె అంతా వినపడి ఉంటుంది, ఎదుటి బల్ల మీద గొడుగు పట్టుకుని కూర్చున్న పెద్దాయన కలగజేసుకున్నాడు. "ఏంటమ్మాయ్, పాపం ఆయన్ని అట్టా నిలదీస్తన్నావు? ఇడ్లీలు తక్కువేసుకొచ్చాడా ఏంటి?" అని అడిగాడు. సంగతి చెప్పాను. ఆయన వెంటనే రైళ్ళెన్ని, ఆగే సేపెంత, తినేవాళ్ళెంతమంది అని లెక్క మొదలుపెట్టాడు. పక్కావిడ చట్నీ బాగుండదు కాబట్టి అంతమంది తినరంది. భట్టిప్రోలు వచ్చేసరికి పెట్టెలో సగంమంది తలా ఒక అంకె చెప్పారు. చెప్పనిది మా ఆయనొక్కరే.

అయినా మెల్లగా దారికొచ్చారు. ఆరో వారానికి నిజంగానే పైకి ఆలోచించడం మొదలెట్టారు. "ఇది తెలుసండి. ఇది తెలీదండి. ఇది తెలుసుకోవాలంటే ఇది అడగాలండి" అని వేళ్ళు మడిచి వరసగా చెప్పేవారు. పెళ్ళై ఆరేళ్ళలో ఆయన నాతో అన్ని మాటలు మాట్లాడింది ఆ రైల్లోనే. ఆ సంగతి అప్పుడే గ్రహించాను, సంతోషించాను కూడా. మార్కులు ఏడు దాటనివ్వలేదు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. రైలు దిగి రేపల్లె ఇంటికి చేరాక కూడా మేం ప్రశ్నలు ఆపలేదు, ఆ ఎనిమిది ఆదివారాలూ పాప మా చుట్టూ తిరిగింది. మామూలుగా రాని పిల్ల, మేం ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఏదో ఆడుకుంటున్నామనుకుని దగ్గరికొచ్చేది. "ఒక్క ప్రశ్న అమ్మా, ఆగు" అనేదాన్ని. ఆ ఒక్కటి అయిపోయేది కాదు. ఏడో ఆదివారం పలక తెచ్చి, తను రాసిన 'అ' చూపించడానికి నా మోచెయ్యి లాగింది. నా ముందున్న కాగితం మీద సిరా ఒలికింది. కసిరాను. అది ఏడవలేదు. పలక పట్టుకుని తిన్నగా వంటింట్లోకి పోయి, "అమ్మా, చూడు" అంది. లోపల్నుంచి మా అత్తగారి "అబ్బో!" వినపడింది. ఆ 'అ' నేను చూడనేలేదు. పాపని నా దగ్గరికి తెచ్చుకోవడానికే ఇదంతా అని నాకు నేను చెప్పుకుని, తర్వాతి ప్రశ్న అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంటర్వ్యూకి టై కావాలి. ఆయనతో పనిచేసేవారు ఒకరు ముడి వేసి ఉన్న టై ఇచ్చారు. విప్పితే మళ్ళీ వెయ్యడం మాకిద్దరికీ రాదు కాబట్టి దాన్ని అలాగే మేకుకి తగిలించి ఉంచాం. ఆయన దాన్ని తల మీదుగా వేసుకుని, బిగించుకుని, మద్రాసు వెళ్ళారు. మూడో రోజు పొద్దున మెయిలు రైల్లో తిరిగొచ్చారు. నేను మొదటి పీరియడు వేరే టీచరుకి అప్పజెప్పి స్టేషనుకి పోయాను.

రైలు దిగిన మనిషి మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చోబెట్టి, "ఏమైందండి?" అన్నాను.

"మొదటి ప్రశ్న అడిగారు."

"ఆఁ?"

"పేరు చెప్పాను. తర్వాత నీ గురించి చెప్పు, ఎక్కడుంటావు, ఇంట్లో ఎవరెవరుంటారు అన్నారు. దానికి మన దగ్గర జవాబు లేదుగా."

"ఏం చెప్పారు?"

"ఏం చెప్తాను? ఉన్నదే చెప్పాను. నేను బాపట్లలో ఉంటానండి, మా ఆవిడ తెనాలిలో ఉంటది, మా పాప రేపల్లెలో ఉంటది, ఆదివారం కలుస్తామండి, అందరం ఒకచోట ఉండొచ్చని ఈ ఉద్యోగానికి వచ్చానండి అని చెప్పాను."

ఉద్యోగం ఎందుకు కావాలని అడిగితే చెప్పకూడనిది ఇదొక్కటే అని ఎర్ర సిరాతో రాసి పంపానే! అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన చెయ్యెత్తి ఆగమన్నారు. అలా ఆగమనడం కూడా నాకు కొత్త.

ముగ్గురు కూర్చున్నారట. మధ్యలో ఉన్న తెల్ల జుట్టాయన ఒక కాగితం తీసుకుని, దాని మీద మూడు చుక్కలు పెట్టి, మూడూళ్ళ పేర్లూ రాశాడట. "మీకు మేం సమస్య ఇవ్వనక్కర్లేదు, మీరే తెచ్చుకున్నారు. దీన్నే ఆలోచించండి, మేం వింటాం" అన్నాడట. మా ఆయన వేళ్ళు మడవడం మొదలుపెట్టారు.

బాపట్లకీ తెనాలికీ మధ్య రైలు ఎంతసేపు? గంటంబావు. పొద్దున ప్యాసింజరు ఉందా? తెల్లవారగానే ఉంది. సాయంత్రం వెనక్కి? ఉంది. పొలానికి ఎన్నింటికి వెళ్ళాలి? ఆరింటికి. ఏడాది పొడుగునా ఆరింటికేనా? అక్కడ ఆయన ఆగి ఆలోచించి, లేదండి, నాట్లప్పుడూ కోతలప్పుడూ అంతే, తక్కిన నెలల్లో ఎనిమిదిన్నరకి వెళ్ళినా చాలు అన్నారట. మరి ఆ తక్కిన నెలల్లో బాపట్లలో ఎందుకుంటున్నారు?

"గది తీసుకున్నాను కదండీ అన్నాను" అని చెప్పి మా ఆయన నేల చూశారు. ముగ్గురిలో ఒకాయన నవ్వు దాచుకోవడానికి దగ్గాడట.

సరే, పాప? తెనాలిలో మీ ఆవిడ బడికి పోతే ఎవరు చూస్తారు? బడి పక్కనే చిన్నపిల్లల బడి ఉందండి, ఇప్పుడు నాలుగో ఏడు గనక చేర్చుకుంటారు. అయితే ఇబ్బందేమిటి? మా అమ్మ దగ్గరుందండి. మీ అమ్మగారు పంపనన్నారా? లేదండి. అడిగారా? లేదండి. ఎందుకు అడగలేదు?

"దానికేం చెప్పారు?" అన్నాను.

"తెలీదండి అన్నాను. తెలుసుకోవాలంటే మా ఆవిడని అడగాలండి అన్నాను."

అప్పుడు ఆ తెల్ల జుట్టాయన ఈ ఉద్యోగం సంగతి చెప్పాడట. నెలలో ఇరవై రోజులు ఊళ్ళు తిరగాలి. ఒక మిల్లు పనంటే రెండు నెలలు అక్కడే మకాం. మద్రాసులో ఇల్లుంటుంది గానీ మీరు అందులో ఉండరు. "మీరు బాగా ఆలోచిస్తారు. మాకు కావాలి. కానీ మీరు వచ్చిన పనికి ఇది పనికిరాదు. మీ ఇంట్లో మాట్లాడుకుని వారంలో రాయండి" అన్నాడట. అన్నాక ఆ మూడు చుక్కల కాగితం మడిచి ఇచ్చాడట. ఆయన జేబులోంచి తీసి నా చేతిలో పెట్టారు.

నేను దాన్ని చించి పట్టాల మీద పారేశాను. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ముక్కూమొహం తెలియని మద్రాసువాడు అరగంటలో మా సంసారాన్ని పెన్సిలుతో తేల్చేశాడు. మేం మూడేళ్ళకు పైగా ఆదివారాలు లెక్కపెట్టుకున్నాం. "ఆ ఉద్యోగం తీసుకోండి. మద్రాసు పోదాం" అన్నాను మొండిగా.

"పోయి? నువ్వూ పాపా మద్రాసులో, నేను కోయంబత్తూరులో. మూడూళ్ళు రెండూళ్ళవుతాయి."

"రెండే నయం."

"తెనాలి అయితే ఒకటే గదా" అన్నారాయన. తర్వాత, "అమ్మని ఎందుకు అడగలేదు?" అన్నారు. ఇది ఇంటర్వ్యూ గొంతు కాదు.

నేను బడికి టైమైందని లేచిపోయాను. ఆ వారమంతా పిల్లలకి ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. జవాబు నాకు తెలుసు. మద్రాసు అయితే నేను ఎవర్నీ అడగనక్కర్లేదు. దూరం, ఉద్యోగం, తప్పదు, అంతే, అత్తగారు పిల్లని ఇవ్వాల్సిందే, పిల్ల రావాల్సిందే. తెనాలి అయితే నేను నోరు తెరిచి అడగాలి. అడిగితే ఆవిడ ఇస్తారేమో, పిల్ల రానంటుందేమో. "నేను అమ్మ దగ్గరే ఉంటా" అని నా మొహం మీద అంటుందేమో. ఆ మాట వినకుండా ఉండటానికి నేను మూడేళ్ళకు పైగా నవ్వుతూ తిరిగాను. మొగుణ్ణి రెండు నెలలు నిలదీసింది కూడా అందుకే. ఇది నాకు నేను చెప్పుకోవడానికి వారం మొత్తం పట్టింది.

ఆదివారం రేపల్లె వెళ్ళాం. మా అత్తగారు పెరట్లో కుంపటి రాజేస్తున్నారు. పాప ఆవిడ వీపు మీద వాలి ఉంది. నేను ముందు అనుకున్న మాటలేవీ రాలేదు.

"అత్తయ్యా, పాపని తెనాలి తీసుకెళ్తానండి. అక్కడే ఉంచుకుంటాను" అన్నాను.

ఆవిడ విసనకర్ర ఆపలేదు. కుంపట్లో ఇంకో రెండు బొగ్గులు వేశారు. తర్వాత, "ఇన్నాళ్ళకి అడిగావా?" అన్నారు.

"మీరేమనుకుంటారో అని..."

"నేనా? నేను తీసుకుపొమ్మంటే, ఈ ముసల్ది పిల్లని వదిలించుకుంటందని నువ్వనుకుంటావని నోరు మూసుకున్నా. నువ్వేమో అడగవు. ఇది నన్ను అమ్మా అన్నప్పుడల్లా నీ మొహం నేను చూడటంలేదనుకున్నావా? అమ్మా కాదే, నాయనమ్మా అనవే అని ఎన్నిసార్లు చెప్పానో దాన్నే అడుగు." విసనకర్ర కింద పెట్టి కొంగుతో కళ్ళొత్తుకున్నారు. "పొగ" అన్నారు. తర్వాత లేచారు. "ఇయ్యాళే తీసుకుపో. వచ్చే వారం అన్నావంటే నేను ఇవ్వను."

గౌన్లన్నీ ఆవిడే సర్దారు. పాప గంతులేసింది. రైలెక్కడమంటే దానికి సరదా. స్టేషన్లో రైలు కదిలి, నాయనమ్మ ప్లాట్‌ఫారం మీదే ఉండిపోతోందని అర్థమయ్యాక మొదలుపెట్టింది ఏడుపు. వేమూరు దాకా ఆపలేదు. నేను భయపడ్డ మాట అన్నది, ఒకసారి కాదు, పదిసార్లు. "నేను అమ్మ దగ్గరికి పోతా" అంది. వింటే ఎంత కష్టంగా ఉంటుందనుకున్నానో అంతే ఉంది, అంతకంటే ఎక్కువేమీ కాలేదు. ఒళ్ళో పెట్టుకుని వింటూ కూర్చున్నాను.

మర్నాడు తెల్లవారుజామున ఆయన బాపట్ల వెళ్ళారు. పై అధికారిని అడిగితే నాట్లూ కోతలూ లేనప్పుడు ఎనిమిదిన్నరకి రావడానికి ఒప్పుకున్నారట. "ఇంతకాలం అడగలేదేమిటయ్యా?" అని కూడా అన్నారట. ఆ రోజు అక్కడే ఉండి, నాట్లకీ కోతలకీ పక్క గది గుమాస్తా దగ్గర పడుకునేలా మాట్లాడుకుని, గది ఖాళీ చేసి, సీజన్ టికెట్ తీసుకున్నారు. మద్రాసుకి జవాబు కూడా ఆ రోజే ఆయనే రాసి పోస్టు చేశారు. నకలు నాకు చూపించారు తర్వాత. ఇంగ్లీషులో రెండు తప్పులున్నాయి. దిద్దలేదు.

ఆ రెండు రోజులూ పాప నాతో పెద్దగా మాట్లాడలేదు. సోమవారం చిన్నపిల్లల బడికి తీసుకుపోయి కూర్చోబెట్టాను. మధ్యాహ్నం గోడ పక్కన నిలబడి తొంగి చూశాను, ఏడవడం లేదు, ఆడటమూ లేదు. అన్నం నాలుగు ముద్దలు తింది. "రేపల్లె ఎప్పుడు?" అని అడిగింది. వచ్చే ఆదివారం అన్నాను. వేళ్ళు చూసుకుంది, దానికి వారాలు లెక్కపెట్టడం రాదు. మంగళవారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అది వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఉంది. నేను లోపల అన్నం వారుస్తున్నాను. గేటు చప్పుడయింది. ఆయన ఒక చేత్తో పరుపు చుట్ట, ఇంకో చేత్తో ట్రంకు పెట్టె పట్టుకుని వచ్చారు. పాప లేచి నిలబడింది. ఆయన్ని చూసింది, వెనక్కి తిరిగి గుమ్మంలో ఉన్న నన్ను చూసింది.

"ఇవాళ ఆదివారమా?" అంది.

"కాదమ్మా. మంగళవారం."

"మరి నాన్న ఎందుకొచ్చాడు?"

ఆయన పెట్టె దింపబోయి అట్లాగే వంగి ఉండిపోయారు. నేను లోపలికి పోయి గోడకి మొహం పెట్టి ఏడ్చాను. తర్వాత కళ్ళు తుడుచుకుని, మూడు కంచాలు పెట్టాను.